మూడు వేళ్ళ ఉప్పు

జొబేదా ఖాతూన్ కుడిచేతి మూడు వేళ్ళకి ఆ లంకల్లో ఒక పేరుంది. "ఉప్పు వేళ్ళు" అనేవాళ్ళు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మొదటి గీత దాకా ఉప్పులో ముంచి ఎత్తితే ఎంత వస్తుందో అంతే, ఎప్పుడు ఎత్తినా అంతే. ఆమెకి జీతమిచ్చే ఆరోగ్య సంస్థ ఆఫీసు వాళ్ళు ఒకసారి సరదాకి ఆమె చేత ఇరవై సార్లు ఎత్తించి మందుల త్రాసులో తూచారట. ఒకటి రెండు సార్లు తప్ప ముల్లు కదల్లేదట. అప్పట్నుంచీ ఆమెకి కాస్త గర్వం. ఉండనివ్వండి. రోజూ మోకాలి లోతు బురదలో పది ఇళ్ళు తిరిగే మనిషికి ఆ మాత్రం గర్వం లేకపోతే కాళ్ళు కదలవు.

ఆమె పని ఒకటే. ఇల్లిల్లూ తిరిగి తల్లులకి ఒక పాఠం చెప్పాలి. పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే అరసేరు నీళ్ళలో మూడు వేళ్ళ ఉప్పు, గుప్పెడు ఖర్జూరపు బెల్లం కలిపి తాగించాలి. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు తాగించాలి. కలిపాక నాలిక మీద వేసుకుని చూడాలి. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు, ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. తల్లి చేత మూడుసార్లు అప్పజెప్పించుకుని, ఆమె చేతే కలిపించి, రుచి చూడమని చెప్పి, అప్పుడు గానీ చాప మీద నుంచి లేచేది కాదు జొబేదా. నెల తర్వాత ఆఫీసు మనిషి వచ్చి ఆ తల్లినే మళ్ళీ అడిగేవాడు. జొబేదా చెప్పిన ఇళ్ళలో తడబడిన తల్లి దాదాపు లేదు.

ఈ పనిలోకి ఆమె ఊరికే రాలేదు. ఫరీద్‌పూర్ వైపు పద్మానది ఒడ్డున కాపురం చేస్తున్న రోజుల్లో ఆమెకి టునీ అని ఒక కూతురుండేది. రెండున్నరేళ్ళది. ఒక శ్రావణమాసంలో దానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆగని పొట్టలో నీళ్ళు పోస్తే రోగానికి మేత వేసినట్టేనని అత్తగారి నమ్మకం. ఆమెదే కాదు, ఆ ఊరందరిదీ.

"నీళ్ళియ్యకు. ఇచ్చావంటే పిల్ల దక్కదు" అంది అత్తగారు.

టునీ నీళ్ళు అడుగుతూనే ఉంది. కుండ రెండు చేతుల దూరంలో ఉంది. ఇరవై ఏళ్ళ కోడలు అత్తగారి మాట జవదాటలేదు. మర్నాడు పొద్దెక్కేసరికి పిల్ల అడగడం ఆగిపోయింది. ఆ తర్వాత మొగుడు మరో పెళ్ళి చేసుకున్నాడు. జొబేదా పుట్టింటికి పోకుండా, ఆరో తరగతి చదువు చేత పట్టుకుని ఈ ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. ఆ కుండని మాత్రం మర్చిపోలేదు.

శిక్షణలో ఒక ముసలి డాక్టరు బోర్డు మీద పేగు గోడ గీసి చెప్పాడు. "ఈ గోడ ఇటికలతో కట్టినట్టు కణాలతో కట్టి ఉంటుందమ్మా. ఒక్కో కణానికీ చుట్టూ పలచని పొర. ఆ పొర వచ్చినవాళ్ళందర్నీ లోపలికి రానివ్వదు. అందులో చిన్న చిన్న తలుపులుంటాయి. కలరా పట్టుకుందంటే కొన్ని తలుపులు బార్లా తెరుచుకుని ఒంట్లో నీళ్ళు బయటికి పోతాయి. కొన్ని బిగుసుకుపోతాయి. ఒక్క తలుపుని మాత్రం ఆ రోగం ఏమీ చెయ్యలేదు. ఉప్పు ఒక్కటే వెళ్ళి కొడితే అది తెరుచుకోదు. తీపి ఒక్కటే వెళ్ళినా తెరుచుకోదు. ఇద్దరూ జంటగా వెళ్తే తెరుచుకుంటుంది. వాళ్ళు లోపలికి పోగానే వాళ్ళ వెనకాలే నీళ్ళూ పోతాయి."

"మొగుడూ పెళ్ళాం కలిసొస్తేనే గది అద్దెకిచ్చే ఇంటావిడ లాగా అన్నమాట" అంది వెనక బెంచీలోంచి ఒకామె. గదంతా నవ్వింది.

డాక్టరు కూడా నవ్వి, చాక్‌పీసు పొడి దులుపుకుంటూ ఇంకో మాట అన్నాడు. "ఒకటి గుర్తుంచుకోండి. నీళ్ళకి సొంత బుద్ధి లేదు. ఎటువైపు ఉప్పు ఎక్కువుంటే అటు పోతాయి. మీరు కలిపింది మరీ ఉప్పగా ఉందనుకోండి, ఒంట్లో మిగిలిన నీళ్ళు కూడా పేగులోకి వచ్చేస్తాయి. మందే పిల్లని ఎండగట్టేస్తుంది." అందరూ రాసుకున్నారు. జొబేదా కూడా రాసుకుంది.

దక్షిణాన సముద్రం అంచున చర్ బొగులా అనే లంకకి ఆమెని వేసి మూడేళ్ళయింది. లంక మనుషులు ఆమెకి నచ్చారు. లంక నీళ్ళే నచ్చలేదు. పద్మ నీళ్ళతో పెరిగిన గొంతు మరి. రోజూ పొద్దున్నే కాలువ అవతల తన గది పక్కన, బడి దగ్గరున్న బోరింగు కొట్టుకుని, అల్యూమినియం క్యాను నింపుకుని, ఆ క్యానుతోనే లంకంతా తిరిగేది. తను తాగేది అవే. పాఠంలో తను కలిపి చూపించేదీ ఆ నీళ్ళతోనే. తప్పంతా ఇక్కడే జరిగింది. అప్పటికి మాత్రం అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు ఆశ్వయుజంలో ఉప్పెన వచ్చింది. మనుషులు పోలేదు గానీ సముద్రం చెరువులన్నిట్లోకీ దూరి, ఒక రాత్రి ఉండి, వెనక్కి పోయింది. జనం కట్టలు మళ్ళీ వేసుకున్నారు. చచ్చిన చేపల్ని ఎత్తి పారేశారు. నీళ్ళు తేటపడ్డాయి. మొదటి వారం తాగినప్పుడల్లా మొహం చిట్లించుకున్నారు. రెండో వారం కాస్త తగ్గింది. నెల తిరిగేసరికి ఆ నీళ్ళే వాళ్ళకి నీళ్ళు.

ఉప్పెన వెనకాల రోగాలొస్తాయని ఆఫీసు నుంచి కబురొచ్చింది. జొబేదా లంకలో పిల్లలున్న ఇరవై రెండు ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళి పాఠం చెప్పింది. అందులో మొర్జినా బీ ఇల్లొకటి.

మొర్జినాకి అరవై దాటాయి. ఇలిష్ చేపని, అంటే మన పులసని, కోసి ఉప్పు పట్టించి కుండల్లో దాచడంలో ఆ తీరంలో ఆమెని మించిన చెయ్యి లేదు. నోటికీ అంతే, సాటి లేదు. కొడుకు పడవల వాళ్ళతో సముద్రం మీదికి పోతే నెలకి గానీ తిరిగి రాడు. ఇంట్లో ఉండేది ఆమె, పంతొమ్మిదేళ్ళ కోడలు పారుల్, రెండేళ్ళ మనవడు లాల్‌చాన్. మొర్జినాకి ప్రపంచమంటే ఆ మనవడే. ఇద్దరు మనవల్ని ఇదివరకే మట్టిలో పెట్టింది.

ఆ రోజు జొబేదా చాప మీద కూర్చోగానే ముసలామె గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఎదురుగా పెట్టింది. జొబేదా అలవాటు ప్రకారం క్యాను మూత తిప్పింది.

"ఏమే డాక్టరమ్మా, మా నీళ్ళేమన్నా కరుస్తాయా?"

"కరవవు ఖాలా" అంది జొబేదా. పిన్ని వరస కలిపి అలాగే పిలిచేది. "నా పొట్టే పిరికిది."

"మూడేళ్ళయింది నువ్వీ గడప తొక్కబట్టి. మా ఇంట ఒక్క గుక్క తాగిన పాపాన పోలేదు. పద్మ ఒడ్డు రాణిగారు! మేం తాగట్లా? చచ్చామా?"

పారుల్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జొబేదా కూడా నవ్వేసి తన క్యాను నీళ్ళతో కలిపి చూపించింది, రుచి చూసింది, సరిపోయింది. తర్వాత పారుల్ తమ బిందెలో నీళ్ళతో కలిపింది. వేళ్ళు పట్టడం, బెల్లం గుప్పిట, అన్నీ అచ్చు గుద్దినట్టు చేసింది. నాలిక మీద వేసుకుని చూసింది.

"కన్నీళ్ళంతే ఉంది ఆపా." ఆ లంకలో తల్లులందరికీ జొబేదా ఆపా, అంటే అక్క.

మొర్జినా కూడా వేలు ముంచి నాకింది. "నాకైతే చప్పగా ఉంది. ఇంకో చిటికెడు పడాలి."

"ఉప్పుచేప కాదు ఖాలా ఇది, పసివాళ్ళు తాగేది" అని నవ్వుతూ లేచింది జొబేదా. పారుల్ కలిపిన చెంబు ఆమె కాలి దగ్గరే ఉంది. ఆమె దాన్ని రుచి చూడలేదు.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు పొద్దున్న జొబేదా బోరింగు నుంచి వచ్చి, నిండిన క్యాను గడప దగ్గర దించుతుంటే కాసెమ్ మాఝీ పడవ వేసుకుని వచ్చాడు. రేవు నుంచే కేకేశాడు.

"ఆపా! మొర్జినా బీ మనవడికి నిన్న తెల్లారుజాము నుంచీ ఆగట్లేదు. గంజి నీళ్ళలా పోతోంది. ఆటు మొదలైంది, ఇప్పుడు రాకపోతే కాలువ ఎండిపోతుంది."

"పారుల్ తాగిస్తోందా?"

"చెంబుల మీద చెంబులు తాగిస్తోంది. నువ్వు రా ముందు."

తాగిస్తోందనగానే జొబేదాకి సగం ప్రాణం కుదుటపడింది. అయినా కాళ్ళు పరిగెత్తాయి. క్యాను గడప దగ్గరే ఉండిపోయింది.

పడవ మొర్జినా ఇంటి వెనక బురదకి తగిలేసరికే నీళ్ళు కిందికి జారిపోయాయి. ఇక పోటు వచ్చేదాకా ఆ పడవ కదలదు. జొబేదా బురదలో దిగి ఇంట్లోకి వచ్చింది. వచ్చి, పిల్లాణ్ణి చూసి నిలబడిపోయింది.

లాల్‌చాన్ కళ్ళు లోతుకు పోయాయి. పెదాలు పగిలాయి. ఏడుస్తున్నాడు, కంట్లో చుక్క తడి లేదు. పారుల్ గిన్నె పెదాలకి ఆనించగానే రెండు చేతులతో గుంజుకుని గటగటా తాగేశాడు. తాగి, ఇంకా కావాలని గిన్నెని గోళ్ళతో గీకాడు. మందు తాగిన పిల్లాడికి దాహం తీరుతుంది. వీడికి తాగేకొద్దీ పెరుగుతోంది. జొబేదా ఇలాంటిది ఎన్నడూ చూడలేదు.

"ఎన్ని చెంబులయ్యాయి పారుల్?"

"తొమ్మిదాపా."

"తొమ్మిది!" మొర్జినా మూల నుంచి లేచింది. "తాగినదానికి రెండింతలు పోతోంది. ఊళ్ళో అందరూ నేర్చుకున్నారు, దీని చేతికే వచ్చిందా రోగం? ఈ చేతిలోనే ఏదో ఉంది. నా కొడుకు రానీ. పిల్లాడికేమన్నా అయిందా, దీన్ని ఈ ఇంట్లో ఒక్క పూట ఉండనివ్వను."

పారుల్ రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళతో జొబేదా వైపు చూసింది.

"నా ముందు కలుపు" అంది జొబేదా.

పారుల్ కలిపింది. చెంబులో గీత దాకా నీళ్ళు. మూడు వేళ్ళు, మొదటి గీత దాకా. గుప్పెడు బెల్లం. కొలత తప్పలేదు. జొబేదా పట్టి పట్టి చూసింది. తప్పు దొరకలేదు.

"అంతా సరిగ్గానే చేసింది ఖాలా."

"సరిగ్గా చేస్తే వీడిలా ఎందుకున్నాడు మరి?"

"ఈసారి నేను కలుపుతా" అని జొబేదా క్యాను కోసం పక్కకి చెయ్యి చాపింది. క్యాను లేదు. సరేనని బిందెలోంచే అరసేరు ముంచుకుంది. తన ఉప్పు వేళ్ళతో ఉప్పు వేసింది, బెల్లం వేసింది, కలిపింది. ఆరేళ్ళ అలవాటు కొద్దీ ఒక చుక్క నాలిక మీద వేసుకుంది.

సముద్రం. తుపుక్కున ఉమ్మేసింది. బిందె దగ్గరికి పోయి, ఏమీ కలపని ఉత్త నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది. అవీ ఉప్పే. పాఠంలో చెప్పే కన్నీళ్ళ ఉప్పు ఈ నీళ్ళలో ముందే ఉంది.

"పారుల్, ఈ బిందెలో ముందే ఉప్పు వేశావా?"

"లేదాపా! చెరువు నుంచి తెచ్చినవి తెచ్చినట్టే."

"పప్పులో ఉప్పు వేస్తున్నావా?"

"పప్పులో ఎందుకాపా? ఉప్పెన పోయిన కాడ్నుంచీ ఎవరూ వెయ్యట్లేదుగా. నీళ్ళలో ఉన్నదే సరిపోతోంది." ఇది కూడా అడగాలా అన్నట్టు చెప్పింది పారుల్.

చాక్‌పీసు పొడి దులుపుకుంటున్న ముసలి డాక్టరు జొబేదా కళ్ళ ముందు నిలబడ్డాడు. ఎటువైపు ఉప్పు ఎక్కువుంటే అటు పోతాయి. తొమ్మిది చెంబులు. ప్రతి చెంబూ ఆ పసివాడి ఒంట్లో మిగిలిన తడిని పేగులోకి లాగి బయటికి పారబోసింది. ప్రతి చెంబులోనూ ఆమె నేర్పిన మూడు వేళ్ళ ఉప్పు ఉంది.

పారుల్ తను కలిపిన చెంబులోంచి గిన్నెలోకి వంచి పిల్లాడి నోటికి పెట్టబోయింది.

"ఇవ్వకు!" జొబేదా గిన్నె లాక్కుంది. "ఈ నీళ్ళివ్వకు. ఇచ్చావంటే పిల్లాడు దక్కడు."

"నీళ్ళు... నీళ్ళు..." లాల్‌చాన్ గిన్నె వైపు చేతులు చాపాడు.

తన నోట్లోంచి వచ్చిన మాట జొబేదా చెవిన పడింది. అచ్చం అత్తగారి మాటే. ఆ కుండ, ఆ రెండు చేతుల దూరం, అన్నీ తిరిగొచ్చాయి. నీళ్ళివ్వండి, నీళ్ళివ్వండి అని ఆరేళ్ళుగా ఊరూరా చెప్పిన మనిషి దాహంతో ఉన్న పసివాడి నోటి దగ్గర్నుంచి గిన్నె లాక్కుని నిలబడింది.

"ఏం చేసిందే ఇది?" మొర్జినా కోడలి జుట్టు పట్టుకుంది. "ఏం కలిపావే? చెప్పు!"

జొబేదా ఆ ఒక్క క్షణం నోరు విప్పకపోతే సరిపోయేది. కోడలు తప్పు చేసిందనుకుంటారు. తను కొత్తగా కలిపి ఇస్తుంది, ముసలామె నమ్ముతుంది, పిల్లాడు తాగుతాడు. నిజం చెబితే ఈ ఇంట్లో ఇంకెవరూ తన చేతి చుక్క తాగనివ్వరు. అప్పుడు పిల్లాడి గతేమిటి? ఆలోచించే వ్యవధి లేదు. పారుల్ మాత్రం జుట్టు వదిలించుకోవాలని కూడా చూడకుండా, నేనేం చేశానాపా అన్నట్టు ఆమెనే చూస్తోంది. టునీ పోయిన రోజు జొబేదా కూడా అత్తగారిని ఇలాగే చూసింది.

"దాన్ని వదులు ఖాలా. తప్పు నాది."

"ఏంటి?"

"మీ చెరువు నీళ్ళే ఉప్పుగా ఉన్నాయి. అందులో మళ్ళీ ఉప్పు వెయ్యమని నేను నేర్పాను. దీని చేతిలో ఏం లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. నేనే మీ నీళ్ళు రుచి చూడలేదు. ఉప్పెన తర్వాత ఒక్కసారి తాగి ఉంటే తెలిసేది."

మొర్జినా కోడల్ని వదిలేసి, మనవణ్ణి ఎత్తుకుని గుండెకి అదుముకుంది.

"తొమ్మిదిసార్లు విషం పోయించావు నా బిడ్డకి. బయటికి నడు."

"ఖాలా, ఒక్క మాట..."

"నడవ్వే! ఇక వీడి నోట్లో చుక్క పడనివ్వను. నీదీ వద్దు, ఎవరిదీ వద్దు. మా అమ్మ, మా అమ్మమ్మ అదే చెప్పారు. వినకుండా నీ మాట విన్నాను చూడు, నన్ను చెప్పుతో కొట్టాలి."

జొబేదా బయటికి పోలేదు. ముసలామె కాళ్ళ దగ్గర కూలబడింది. ఎలా చెప్పాలో తెలియక చుట్టూ చూసింది. గోడవార ఇలిష్ చేపల కుండలు వరసగా ఉన్నాయి.

"ఖాలా, చేపకి ఉప్పు పట్టిస్తావు కదా. తెల్లారేసరికి ఏమవుద్ది?"

"ఇప్పుడు చేపల గోలేంటే నీకు?"

"చెప్పు ఖాలా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏమవుద్ది? నీళ్ళు కారుద్ది. కింద గిన్నె పెట్టకపోతే ఇల్లంతా చిత్తడి."

"ఆ నీళ్ళెక్కడివి?"

"చేపలోవే. ఉప్పు లాగేస్తది."

"వీడి పొట్టలో ఇప్పుడు జరుగుతున్నది అదే ఖాలా. మనం తాగించిన ఉప్పు వీడి ఒంట్లో నీళ్ళు లాగేస్తోంది. నీళ్ళు మానేస్తే ఆ ఉప్పు లోపలే ఉంటది, లాగుతూనే ఉంటది. రేపటికి వీడు నీ కుండలో చేపలా అయిపోతాడు. మంచినీళ్ళు పడాలి. కాసిని కాసిని, చెంచాతో."

మొర్జినా నలభై ఏళ్ళుగా రోజూ చూస్తున్న సంగతి అది. ఎవరో చెబితే నమ్మాల్సింది కాదు. మనవడి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. పట్టిన మడత పట్టినట్టే నిలబడింది. ఉప్పు పట్టిన చేప మీద అలాగే నిలబడుతుందని ఆమెకి తెలుసు.

"మంచినీళ్ళెక్కడున్నాయే ఈ లంకలో?" అంది.

"నా కూజాలో ఉన్నాయి" అన్నాడు గుమ్మం బయట నుంచి కాసెమ్. "నిన్న బోరింగు దగ్గర పట్టినవి. సగం తాగేశాను."

కూజా వంచితే సరిగ్గా అరసేరు వచ్చింది, ఒక గుక్క అటూ ఇటుగా. ఇంకా కావాలంటే కాలువ దాటాలి. కాసెమ్ ఖాళీ బిందె నెత్తిన బోర్లించుకుని, లుంగీ ఎగ్గట్టి, తొడల దాకా దిగబడే బురదలోకి దిగాడు. వెళ్ళి రావడానికి రెండు గంటలైనా పడుతుంది. అప్పటిదాకా పిల్లాణ్ణి నిలబెట్టడానికి ఉన్నది ఆ ఒక్క చెంబే.

జొబేదా ఉప్పు డబ్బాలో వేళ్ళు పెట్టింది.

"మళ్ళీ ఉప్పా?" మొర్జినా ఆమె మణికట్టు పట్టుకుంది. "ఉప్పు వల్లే అన్నావు!"

"ఉప్పు అసలు లేకపోతే లోపలి తలుపు తెరుచుకోదు ఖాలా. బెల్లం ఒక్కటే వెళ్తే నీళ్ళు పేగులోనే ఉండిపోతాయి. కొలత ప్రకారం పడాలి. నీళ్ళు మంచివైతే నా కొలత తప్పదు."

అంది గానీ, త్రాసు ముల్లు కదలనివ్వని ఆ వేళ్ళతో ఎత్తిన ఉప్పు మళ్ళీ డబ్బాలోనే రాల్చింది. మళ్ళీ ఎత్తింది. చెంబులో వేసింది. బెల్లం కలిపి, తను రుచి చూసి, చెంబు ముసలామెకి ఇచ్చింది.

మొర్జినా చుక్క వేసుకుని మొహం చిట్లించింది. "ఇందులో ఉప్పే లేదు. ఉత్త బెల్లం నీళ్ళు."

"ఉంది ఖాలా. నీ నాలిక చెరువు నీళ్ళకి అలవాటుపడిపోయింది. దాన్ని నమ్మకు."

"నా నాలికని నమ్మక నిన్ను నమ్మనా?"

ముసలామె చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, ఆమెకే తెలియకుండా. జొబేదా వాటిని చూసింది.

"నన్ను నమ్మొద్దు. నీ కన్నీళ్ళు నమ్ము. అవెప్పుడూ ఒకే ఉప్పు. వేలితో తుడుచుకుని నాలిక మీద పెట్టుకో."

మొర్జినా వింతగా చూసింది. తర్వాత చూపుడువేలితో చెంప తుడుచుకుని నోట్లో పెట్టుకుంది. వెంటనే చెంబులోది ఒక చుక్క. మళ్ళీ కన్నీరు. మళ్ళీ చెంబు. పారుల్ కలిపిన పాత చెంబు అందుకుని అందులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. దించేసింది.

"ఇది కన్నీళ్ళ కంటే పిసరు తక్కువే" అంది కాసెమ్ నీళ్ళ చెంబు చూపించి, నెమ్మదిగా. పాత చెంబుని గుమ్మం దాకా పట్టుకెళ్ళి బయటికి విసిరికొట్టింది. వచ్చి కూర్చుని మనవణ్ణి ఒళ్ళో సర్దుకుంది. "పొయ్యి."

చెంచా, కాసేపాగి ఇంకో చెంచా. మొదటి నాలుగూ వాంతి చేసుకున్నాడు. అరసేరులో నాలుగు చెంచాలు నేలపాలయ్యాయని పారుల్ గొణిగింది. చెంబు గుంజుకోవాలని పిల్లాడు ఏడ్చాడు. ఒక్కసారిగా పోస్తే తట్టుకోలేడు, ఇవ్వకపోతే బతకడు. నీళ్ళు అని వాడు అడిగినప్పుడల్లా జొబేదా "ఇస్తున్నా బాబూ, ఇస్తున్నా, ఇదుగో" అంటూ చెంచా నోట్లో పెట్టేది. ఒకసారి వాడి ఎడంచెయ్యి టపటపా కొట్టుకుంది. ప్రాణం పోయేవాళ్ళ దగ్గర చెప్పే కలిమా చదవడం మొదలుపెట్టింది మొర్జినా. చెయ్యి ఆగింది. మళ్ళీ చెంచా.

చెంబు అడుగంటింది. కాసెమ్ రాలేదు. చివరి చెంచా అయిపోయాక పిల్లాడు ఖాళీ చెంబు వైపు చూస్తూ ఉండిపోయాడు. అడగడం మానేశాడు. జొబేదాకి ఆ మౌనం తెలుసు. కాళ్ళు చేతులు చల్లబడ్డాయి. "మాట్లాడించు పారుల్, నిద్రపోనివ్వకు" అని పెరట్లోకి పరిగెత్తి కాలువ వైపు చూసింది. బురదలో దూరంగా ఒక మనిషి, నెత్తిన బిందె, అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. ఆమె చీర ఎగ్గట్టి ఎదురు దిగింది. నడుం దాకా దిగబడి, బిందె అందుకుని, చుక్క ఒలకకుండా ఇంటికి చేర్చింది. కాసెమ్ గట్టు మీదే బోర్లా పడుకుని రొప్పుతున్నాడు.

రెండో చెంబు. మూడో చెంబు. మధ్యాహ్నం నమాజు వేళకి విరేచనాల మధ్య ఎడం పెరిగింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా కిందికి దిగింది. సాయంత్రం నమాజు పిలుపు వినపడుతుండగా, చెంచా ఆలస్యమైందని లాల్‌చాన్‌కి కోపం వచ్చింది. చెంచాని తోసేసి, నోరంతా తెరిచి, గుక్కపట్టి ఏడ్చాడు.

"ఆపా" అంది పారుల్. "ఆపా, చూడు."

వాడి ఎడం కంటి మూల తడి మెరిసింది. ఒక చుక్క నిండింది, చెంప మీదికి జారింది. మొర్జినా దాన్ని వేలితో అందుకుని తన నాలిక మీద పెట్టుకుంది.

"సరిగ్గా ఉంది" అంది.

వాడు ఏడుపు ఆపకుండానే నానమ్మ ఒళ్ళో ఉచ్చపోశాడు. "పొయ్యి నాయనా, ఇల్లంతా పొయ్యి" అని మొర్జినా పడీ పడీ నవ్వింది, వెక్కి వెక్కి ఏడ్చింది. జొబేదా గోడకి ఆనుకుని మొహం మోకాళ్ళలో దాచుకుంది. ఆమె ఏడ్చింది ఈ పిల్లాడి కోసం కాదు. టునీ కోసం, పద్నాలుగేళ్ళ తర్వాత, గొంతెత్తి.

పోటు వచ్చింది. పడవ బురద మీంచి లేచింది. ఇంకా ఇరవై ఒక్క ఇళ్ళు ఉన్నాయి. ఇరవై ఒక్క ఇళ్ళలోనూ బిందె నిండా అవే నీళ్ళు, తలుపు వెనక ఆమె నేర్పిన అదే పాఠం. ఏ ఇంట్లో ఏ పిల్లాడికి ఈ క్షణాన పోస్తున్నారో తెలీదు. జొబేదా కొంగు బిగించి లేచింది. మొర్జినా ఆమె చేతికి ఒక గ్లాసు ఇచ్చింది. చెరువు నీళ్ళు.

జొబేదా మొహం చిట్లించకుండా, అడుగు దాకా తాగి గ్లాసు తిరిగిచ్చింది.

"పద, నేనూ వస్తా" అంది మొర్జినా చెప్పులు వేసుకుంటూ. "నువ్వు చెప్పిందే తప్పని నువ్వే చెబితే ఎవరు నమ్ముతారే నిన్ను? నేను చెబితే వింటారు. వినకపోతే తిడతా."

మొదట తగిలిన ఇంట్లో, అల్లా దయ, పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు. ఇంటామె ఉప్పు వేళ్ళ ఆపాని చూసి సంబరంగా చాప పరిచింది, పాఠం అప్పజెప్పడానికి గొంతు సవరించుకుంది.

"పాఠం తర్వాత" అంది జొబేదా, ఇంకా గడప దాటకుండానే. "ముందు మీ బిందెలో నీళ్ళు ఒక గ్లాసు తాగనియ్యి."